పచ్చ స్టిక్కరు

మా ఆవిడ సంచి భోజనాల బల్ల మీద దించి, మా చెల్లెలి మొహంలోకి సూటిగా చూసి, "ఆ వాక్యం బోర్డు మీద రాసింది ఎవరు?" అని అడిగిన చోట కదా పోయిన వారం ఆగాం. ఆ క్షణాన నేను ముందు గదిలో ఒక ఏప్రన్‌కి నాడా కుడుతున్నాను. మిషన్ ఆపేశాను. దర్జీవాణ్ణి నేను. గుడ్డ చిరగబోతోందంటే చప్పుడు వినపడక ముందే నాకు తెలిసిపోతుంది.

ఈ గొడవలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్ళాలి. మా ఆవిడ సూపర్‌మార్కెట్లో మాంసం విభాగానికి నాణ్యత చూసే ఇన్‌ఛార్జి. పొద్దున్నే లారీలో దిగిన చికెన్‌ని చూసి, బాగుంటే ట్రే మీద పచ్చ స్టిక్కరు వేస్తుంది. బాగాలేనిది ఖీమాకి పోతుంది. ఆవిడ స్టిక్కరు లేనిదే ఒక్క ట్రే కూడా షాపు అరలోకి ఎక్కదు. మా చెల్లెలు ఇంగ్లీషు టీచరు. పాఠాలు చెప్పే స్కూలు మూతపడి మా దగ్గరకొచ్చి ఉంటే, మా ఆవిడే మేనేజరుతో మాట్లాడి, అదే సూపర్‌మార్కెట్లో పనివాళ్ళకి ఇంగ్లీషు నేర్పే పని ఇప్పించింది. మేడ మీద వాళ్ళు భోంచేసే గదే తరగతి గది. పనివాళ్ళు నాలుగు దిక్కుల నుంచీ వచ్చినవాళ్ళు, ఒకరి భాష ఒకరికి సగం సగమే తెలుసు. గోడకి మాత్రం "ఈ గదిలో ఇంగ్లీషు మాత్రమే" అని కంపెనీ వాళ్ళ బోర్డు వేలాడుతుంటుంది. మా చెల్లెలు రోజూ ఆ బోర్డు మేకుకే తన సంచి తగిలించి పాఠం మొదలుపెడుతుంది. సంచి పెద్దది. బోర్డు మొత్తాన్నీ కప్పేస్తుంది.

దాని పద్ధతి దానిది. చెప్పదలచుకున్నది ముందు ఎవరి భాషలో వాళ్ళు చెప్పాలి. పక్కవాడు దాన్ని తన భాషలో చెప్పాలి. ఆ తరవాత అందరూ కలిసి దానికి ఇంగ్లీషు వెతకాలి. పాఠం రాసే తెల్లబోర్డు మీద మూడు నిలువు గళ్ళు గీసి మూడింటినీ పక్కపక్కన రాస్తుంది. పాఠం అయ్యాక ఇంటిపని కూడా ఉంటుంది. నేర్చుకున్న వాక్యాన్ని మళ్ళీ తరగతికి వచ్చేలోగా ఒక్క మనిషికైనా చెప్పి రావాలి.

అదిగో, ఆ ఇంటిపనే కొంప ముంచింది. చికెన్ కౌంటర్లో పనిచేసే ఒకావిడని షాపంతా రేడియో అని పిలుస్తారు. తన భాషలో మొదలుపెడితే ఎదుటివాడికి అర్థమవుతోందో లేదో కూడా చూడదు. ఇంగ్లీషులో మాత్రం ఆమెకి "ఫ్రెష్ మేడమ్" తప్ప ఇంకో ముక్క లేదు. అలాంటి రేడియో, తరగతిలో కొత్తగా నేర్చుకున్నది వంటబట్టించుకుని, కొనడానికొచ్చిన ఒక పెద్దావిడతో, "మేడమ్, దిస్ పీస్ హార్డ్. సీ, వైట్ లైన్స్. కుక్, కుక్, స్టిల్ రబ్బర్. టేక్ దట్ వన్," అని చెప్పేసింది. ఆ పెద్దావిడ ముచ్చటపడి, మేనేజరుని పిలిపించి మరీ మెచ్చుకుంది. అంతటితో ఊరుకోకుండా హెడ్డాఫీసుకి ఫోన్ చేసి కూడా మెచ్చుకుంది. దాంతో గురువారం నాడు శిక్షణ ఆఫీసరు స్వయంగా వచ్చి తరగతి చూస్తుందని కబురొచ్చింది. నచ్చితే తరగతి ఉంటుంది, నచ్చకపోతే అదే ఆఖరి పాఠం. రేడియో వేలు పెట్టి చూపించిన ట్రే మీద ఉన్నది మా ఆవిడ పచ్చ స్టిక్కరు.

"నేనే రాశాను," అంది మా చెల్లెలు.

"అలాగా," అంది మా ఆవిడ.

మా ఇంట్లో కోపం వస్తే గొంతులు పెరగవు. మర్యాదలు పెరుగుతాయి. వదినని నోరారా నువ్వు అని పిలిచే మా చెల్లెలు లేచి, "మంచినీళ్ళు తీసుకుంటారా వదినా?" అంది. 'తీసుకుంటారా' వినగానే నా గుండెల్లో రాయి పడింది.

"ఫర్వాలేదమ్మా, నువ్వు కూర్చో. బస్సులో నిలబడి వచ్చి ఉంటావు," అంది మా ఆవిడ. అని, సంచిలోంచి ఒక ట్రే తీసి బల్ల మీద పెట్టింది. పల్చటి ప్లాస్టిక్ కింద ఇంతింత లావు బోన్‌లెస్ ముక్కలు. మూలన పచ్చ స్టిక్కరు.

"మీ రేడియో వద్దన్న ట్రే ఇదే. ఎవరూ కొనకముందే నేనే కొన్నాను. ఏమండీ, వండండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఉప్పూ మిరియాలు, అంతకి మించి ఏమీ వెయ్యొద్దు. పులుపేస్తే మెత్తబడిందంటారు, మసాలా వేస్తే మసాలా బాగుందంటారు. ఉత్త ముక్క తిని చెప్పుకుందాం."

ఆడపడుచూ వదినా తాడో పేడో తేల్చుకుంటున్నప్పుడు మగవాడికి వంటింటిని మించిన క్షేమమైన చోటు లేదు. పెనం పొయ్యి మీద పెట్టాను. ముక్క చేతిలోకి తీసుకోగానే నాకు తేడా తెలిసింది. మాంసం సంగతి నాకేం తెలుసు గానీ, గుడ్డ సంగతి తెలుసు. గంజి ఎక్కువైన కాలరు పట్టుకున్నట్టుంది. మీద సన్నటి తెల్ల గీతలు, పక్కపక్కన, ఎవరో దారం లాగినట్టు. ఒకటి రెండు ముక్కలు మెత్తగానే ఉన్నాయి. మిగతావి వేలికి లొంగలేదు. నేను నోరు మెదపలేదు. తీర్పు చెప్పేవాడు ఎప్పుడూ వంటవాడు కాకూడదు.

బయట ఇద్దరూ కూర్చునే ఉన్నారు. మా ఆవిడ నేను కుట్టిన ఏప్రన్లు మడతపెడుతోంది. మా చెల్లెలు ఆ మడతల్ని వరసగా పేరుస్తోంది. ఒకరి చెయ్యి తగలకుండా ఇంకొకరు జాగ్రత్తపడుతున్నారు.

"వాళ్ళు ఏం చెబితే అది రాస్తారా మీ బోర్డు మీద?" అని మా ఆవిడ అడగడం వినిపించింది. ఈవిడ కూడా మీరులోకి దిగింది!

"మీ పని గురించి చెప్పండి అన్నాను. ఆమె తన భాషలో చెప్పింది. పక్కనున్న చేపలాయన తన భాషలో, అవును, ఈ మధ్య బోన్‌లెస్ గట్టిగా ఉంటోంది, అన్నాడు. ఇంకొకరు గీతల సంగతి చెప్పారు. అన్ని భాషల్లోనూ ఒకటే మాట వస్తుంటే ఇంగ్లీషులో వేరేది ఎలా రాయమంటారు?"

"మంచి మాటలు రాయొచ్చుగా."

"మంచి మాటలు వాళ్ళకి ముందే నేర్పించి పంపారు మీ కంపెనీవాళ్ళు. ఫ్రెష్, గుడ్, వెరీ గుడ్. బాగాలేదు అనడానికి ఒక్క మాట కూడా నేర్పలేదు. నేను అదే నేర్పాను."

మా ఆవిడ చేతిలో ఉన్న ఏప్రన్‌ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

భోజనాలకి కూర్చున్నాం. ముగ్గురం తలో ముక్కా నోట్లో పెట్టుకున్నాం. నమిలాం. నమిలాం. వీధిలో ఒక స్కూటరు వచ్చి ఆగింది, ఎవరో దిగి ఎవరితోనో మాట్లాడి మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయారు. మేమింకా నములుతూనే ఉన్నాం. మా చెల్లెలు మా ఆవిడ దవడ వంక చూస్తోంది. మా ఆవిడ పళ్ళెం వంక చూస్తోంది. నవ్వు వచ్చింది గానీ, నవ్వితే నాకు ఆ ఇంట్లో పుట్టగతులుండవని ఊరుకున్నాను. చివరికి మా ఆవిడ మింగింది. కష్టపడి మింగింది. గ్లాసెత్తి నీళ్ళు తాగింది.

"గట్టిదే," అంది.

మా చెల్లెలు గెలిచినట్టు మొహం పెట్టలేదు. దానికి ఆ బుద్ధి ఉంది. నెమ్మదిగా, "మరి స్టిక్కరు ఎలా పడింది వదినా?" అని మాత్రం అడిగింది.

"నేను వేస్తే పడింది. చూడకుండా వేస్తే."

ఇన్నేళ్ళ కాపురంలో మా ఆవిడ నోట అలాంటి మాట నేను విని ఎరగను. నా చొక్కాకి గుండీ సరిగ్గా పడకపోతే నలుగురిలో చెప్పే మనిషి. పని విషయంలో తనకీ ఇంకొకరికీ కూడా మినహాయింపు ఇవ్వదు. అలాంటి మనిషి తల వంచుకుని పళ్ళెం అంచుని వేలితో రుద్దుతూ చెప్పుకొచ్చింది.

"ఇదివరకు లారీ చల్లగా వచ్చేది, అంతే. చల్లటి ముక్కని నొక్కితే వేలు దిగాలి, తీస్తే మళ్ళీ పైకి రావాలి. దిగకపోతే అది కండ గట్టిపడిన ముక్క, ఖీమాకి పంపాలి. చిటికెలో పని. ఇప్పుడు లారీ మారింది. సగం గడ్డకట్టించి తెస్తున్నారు. దించేసరికి మంచిదీ రాయే, చెడ్డదీ రాయే. మీద తెల్లగా మంచు, గీతలు కూడా కనపడవు. కాసేపు చల్లగదిలో ఉంచితే మంచివి మెత్తబడతాయి, ఇవి ఇలాగే ఉండిపోతాయి. అప్పుడు చూడాలి. కానీ తలుపులు తీసేలోపు అరలన్నీ నిండిపోవాలి కదా. రంగు చూస్తున్నా. వాసన చూస్తున్నా. స్టిక్కరు వేస్తున్నా. చెయ్యి పెట్టి చూడటం మానేశాను."

"మధ్యాహ్నానికి మెత్తబడితే..." అంది మా చెల్లెలు.

"కౌంటర్లో వాళ్ళకి తెలిసిపోతుంది. తెలీకుండా ఎలా ఉంటుంది? రేడియోకి ఎప్పుడో తెలుసు. నా మొహం చూసి ఊరుకుంది. నువ్వు ఇంగ్లీషు నేర్పావు, ఇంక ఊరుకోలేదు."

నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. "ఇంతకీ తింటే ఏమన్నా అవుతుందా? నేను రెండు ముక్కలు తిన్నాను," అన్నాను.

"మీకేం కాదు. కోడిని తొందర తొందరగా లావెక్కిస్తే కండ ఇలా తయారవుతుంది. రోగం కాదు. కానీ మంచి ముక్క ధరకి అమ్మేది కాదు. పచ్చ స్టిక్కరు అంటే నేను చూశాను, బాగుంది, ధైర్యంగా కొనుక్కోండి అని. నేను చూడలేదు. అదీ సంగతి."

"ఇలా వేసేస్తే చాలని ఎవరన్నారు వదినా?"

మా ఆవిడ లేచి పళ్ళాలు తీసుకుంది. కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో ఆ ప్రశ్న కొట్టుకుపోయింది. మా చెల్లెలు రెండోసారి అడగలేదు.

పళ్ళాలు కడిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది మా ఆవిడ. "నిన్ను ఒకటి అడుగుతాను. అడక్కూడదనే అనుకున్నాను. గురువారం ఆ ఆఫీసరు వచ్చినప్పుడు రేడియోని లేపకు. లేపాల్సి వస్తే ఫ్రెష్ మేడమ్‌తో సరిపెట్టించు. ఆ తరవాత నేను ఏదో ఒకటి చేసుకుంటాను. ఆ స్టిక్కరు సంగతి ఆ గదిలో బయటపడితే నా ఉద్యోగం ఆ పూటే పోతుంది."

మా చెల్లెలు పేర్చిన ఏప్రన్లనే మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది. దాని మనసులో ఏముందో నాకు తెలుస్తూనే ఉంది. ఆ తరగతి దానికి ఉత్త ఉద్యోగం కాదు. స్కూలు పోయినప్పుడు గది తలుపేసుకుని కూర్చున్న పిల్ల. ఈ తరగతి వచ్చాకే మళ్ళీ భోజనం దగ్గర కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. చేపలాయన ఇవాళ ఏం మాట్లాడాడో, బిల్లు కౌంటరమ్మాయి ఏం పొరపాటు చేసిందో, రేడియో ఎంత నవ్వించిందో మాకు రోజూ వేషాలేసి చూపించేది. అది పోతే మళ్ళీ ఆ తలుపు పడుతుంది.

"నువ్వు తెచ్చిపెట్టిన పని వదినా ఇది," అంది చివరికి. నువ్వు అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "నీ కొంప కూల్చి నేను పాఠం చెప్పలేను. లేపను. కానీ ఒకటి చెప్తున్నా విను. వాళ్ళ భాష పక్కన పెట్టేస్తే వాళ్ళకి ఇంగ్లీషూ రాదు. బొమ్మల్లా నిలబడి ఫ్రెష్, వెరీ గుడ్ అంటారు. ఆ ఆఫీసరుకి ఏం కనపడుతుంది? ఏమీ కనపడదు. తరగతి పోతుంది."

"పోనివ్వం," అన్నాను నేను. ఎలా పోనివ్వమో నాకే తెలీదు. వాళ్ళిద్దరూ కూడా నన్ను అడగలేదు.

బుధవారం సాయంత్రం మా ఆవిడ ఇంటికొచ్చేసరికి వేళ్ళ చివర్లు ఎర్రగా కమిలి ఉన్నాయి. గోరువెచ్చటి నీళ్ళు గిన్నెలో పోసి ఇస్తే అందులో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"ఒక క్రేటు ఆపాను," అంది. "చల్లగదిలో పెట్టి, మెత్తబడ్డాక ఒక్కొక్క ముక్కా నొక్కి చూశాను. రేడియో కూడా వచ్చి పక్కన నిలబడింది. సగం ఖీమాకి వెళ్ళింది. తలుపులు తీసేసరికి అర ఖాళీ."

"మేనేజరు ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఆయన కేకలేస్తే భయం లేదు. ఏమీ అనకపోతేనే భయం."

నాకు చాలా గర్వమేసింది. ఆ మాట ఆవిడతో అనలేదు గానీ, నీళ్ళు చల్లారితే మళ్ళీ వేడినీళ్ళు పోశాను. ఆ చల్లగదిలో రేడియో, ఈవిడ పక్కపక్కన ఏళ్ళ తరబడి పనిచేసి ఒకరి భాష ఒకరికి అంటించుకున్నారు. రేడియో భాషలో మా ఆవిడ ఫోన్లో దంచేస్తుంటే నేను నోరు తెరుచుకుని వింటాను. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడకి సంతకమూ ఓకే అనే మాటా తప్ప ధైర్యం చాలదు. మా చెల్లెలు తరగతికి రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, "ఇన్‌ఛార్జిని అయ్యుండి కౌంటరు వాళ్ళ పక్కన కూర్చుని ఏబీసీడీలు దిద్దనా?" అని కొట్టిపారేసేది.

గురువారం నేను కూడా వెళ్ళాను. షాపు పనివాళ్ళ కోసం కుట్టిన ఏప్రన్లు మేడ మీద గదిలో అప్పజెప్పాలి. కట్ట దించేసి వచ్చెయ్యొచ్చు. వచ్చెయ్యలేదు. లెక్కపెడుతున్నట్టు నటిస్తూ తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

శిక్షణ ఆఫీసరు పొడుగు మనిషి. వేసుకున్న కోటు భుజాల దగ్గర ఎంత చక్కగా కూర్చుందంటే, కుట్టినవాడి చెయ్యి ముద్దుపెట్టుకోవాలనిపించింది. బూట్లు మాత్రం బిగుతు. కుర్చీలో కూర్చోగానే బల్ల కింద ఒక బూటు విడిచేసింది. ఆమెకి ఇంగ్లీషు తప్ప ఇక్కడివాళ్ళ భాషలేవీ రావు. అక్కడ మేడమూ మా చెల్లెలూ ఇంగ్లీషులో అనుకున్నవి నేను మన మాటల్లోనే చెబుతాను.

ఆమె గదంతా చూసి, లేచి, ఒంటి బూటుతోనే గోడ దగ్గరకి నడిచి, మేకు మీది సంచి తీసింది. "ఇంగ్లీషు మాత్రమే" బోర్డు బయటపడింది.

"దీన్ని ఎందుకు కప్పారు?"

"గదిలో మేకు ఒక్కటే ఉందండీ," అంది మా చెల్లెలు.

ఆఫీసరు నవ్వలేదు. సంచిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "సరే, ఇంగ్లీషులో మొదలుపెట్టండి."

మా చెల్లెలు బోర్డు మీద మూడు గళ్ళు గీయలేదు. ఖాళీ బోర్డు ముందు నిలబడి ఒక్కొక్కరినే లేపింది. చేపలాయన లేచాడు. "ఫ్రెష్ సర్. వెరీ గుడ్ సర్," అన్నాడు మేడమ్‌ని చూస్తూ. బిల్లు కౌంటరమ్మాయి "థాంక్యూ, కమ్ ఎగైన్," అని కూర్చుండిపోయింది. ఇంటికొచ్చి మా చెల్లెలు వేషాలేసి చూపించే మనుషులు వీళ్ళేనా అనిపించింది. నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నారు. వాళ్ళని ఆ అవస్థలో చూస్తుంటే మా చెల్లెలి మొహం పాలిపోయింది. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"ఆ పెద్దావిడకి చికెన్ గురించి చెప్పింది ఎవరు?" అని అడిగింది ఆఫీసరు. "నేను వచ్చింది ఆవిడ కోసం."

ఇంక లేపక తప్పలేదు. రేడియో నిలబడింది. మా చెల్లెలి వంక చూసింది. "ఫ్రెష్ మేడమ్," అంది.

"అది కాదు. ఆ రోజు చెప్పింది చెప్పండి."

రేడియో నోరు తెరిచింది, మూసింది. ఆఫీసరు కొంచెంసేపు చూసి, నిట్టూర్చి, బూటు కోసం బల్ల కింద కాలితో వెతకడం మొదలుపెట్టింది. అయిపోయిందన్నమాట.

"ఒక్క నిమిషం," అంది మా చెల్లెలు. "ఆమెని తన భాషలో చెప్పనివ్వండి."

"ఈ గదిలో ఇంగ్లీషు మాత్రమే. నేనూ అలాగే నేర్చుకున్నాను."

"నేనూ అలాగే నేర్చుకున్నాను మేడమ్. చాలాకాలం క్లాసులో నోరు విప్పలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని టీచర్లందరూ మెచ్చుకున్నారు."

బల్ల కింద వెతుకుతున్న కాలు ఆగింది. ఆఫీసరు కుర్చీలో మళ్ళీ వెనక్కి వాలింది. తరవాత, "చెప్పమనండి," అంది.

రేడియో మొదలుపెట్టింది. ఆ భాష నాకు రాదు, అయినా సగం అర్థమైంది. ఎడమ అరచేతిని ముక్కలా చాపి, కుడిచేతి వేలితో నొక్కి చూపించింది. చేతులు రుద్దుకుని చలి అంది. లారీ అంది. గట్టిగా బల్ల మీద తట్టి, ఇదీ ఇంతే, అదీ ఇంతే అన్నట్టు రెండు చోట్లా ఒకేలా తట్టింది. చివర్లో బొటనవేలితో గాల్లో స్టిక్కరు అంటించింది. చేపలాయన తల ఊపాడు. బిల్లు కౌంటరమ్మాయి తల ఊపింది. గదిలో అందరికీ ప్రాణం వచ్చింది, ఒక్క ఆఫీసరుకి తప్ప.

"ఏమంటోంది?" అని అడిగింది ఆమె. "ఎవరైనా ఇంగ్లీషులో చెప్పండి. అదే కదా మీరు నేర్పేది?"

ఎవరూ లేవలేదు. స్టిక్కరు ఎవరిదో అందరికీ తెలుసు. అందరూ మా చెల్లెలి వంక చూశారు. అది చెబితే వదిన ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తరగతి పోతుంది. చేతిలో మార్కరు మూత తీసి పెట్టి, తీసి పెట్టి, బోర్డు వైపు తిరిగి నిలబడిపోయింది. అన్ననన్న పేరే కానీ దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు. అలా నిస్సహాయంగా కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

"ఐ టెల్," అని వినిపించింది నా పక్కనుంచి.

మా ఆవిడ. ఒంటి మీద తెల్లకోటు, చేతిలో స్టిక్కర్ల చుట్ట. ఎప్పటినుంచి గుమ్మంలో నిలబడి ఉందో తెలీదు. లోపలికి నడిచి వచ్చి, కౌంటరు వాళ్ళ బెంచీ దగ్గర రేడియో పక్కన నిలబడింది. రేడియో ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"షీ సే," అంది మా ఆవిడ. ఒక్కొక్క మాటకీ వెతుక్కుంటోంది. "మార్నింగ్, చికెన్ ఐస్. గుడ్ వన్ హార్డ్. బ్యాడ్ వన్ హార్డ్. టచ్, నో యూజ్. వెయిట్... వెయిట్, దెన్ టచ్. దట్ ఈజ్ రైట్." ఊపిరి తీసుకుంది. చుట్టలోంచి ఒక స్టిక్కరు చించి తన కోటు జేబు మీద అంటించుకుంది. "గ్రీన్ స్టిక్కర్, మై స్టిక్కర్. ఐ పుట్. ఐ నాట్ వెయిట్. ఐ నాట్ టచ్."

మా చెల్లెలు ఇటు తిరిగింది. దాని కళ్ళు నిండిపోయాయి. నావి కూడా.

ఆఫీసరు కోప్పడలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కలం పక్కన పెట్టి, మా ఆవిడకి అర్థమయ్యేట్టు చిన్న చిన్న మాటల్లో నెమ్మదిగా అడిగింది. "ఎలా చూడాలో మీకు తెలుసు. అయినా చూడలేదు. చూడకుండా వేసెయ్యమని మీకు ఎవరు చెప్పారు?"

అప్పుడు నా వెనక మెట్ల మీద చప్పుడైంది. తిరిగి చూశాను. మేనేజరు. ఆఫీసరమ్మ కోసం స్వయంగా కాఫీ తెస్తున్నట్టున్నాడు, చేతిలో ట్రే, రెండు కప్పులు. గుమ్మంలో ఆగాడు. మా ఆవిడ ఆయన్ని చూసింది. ఆయన కూడా చూశాడు. ఆయనది మా భాషే.

మా ఆవిడ ఆఫీసరుకి జవాబు చెప్పలేదు. మా చెల్లెలి వైపు తిరిగింది.

"అమ్మాయ్, ఇది ఇంగ్లీషులో చెప్పడం నాకు రాదు. నీ పద్ధతిలోనే కానీ. ముందు మన భాషలో చెబుతాను, తరవాత అందరం కలిసి ఇంగ్లీషు వెతుకుదాం."

మా చెల్లెలు బోర్డు మీద సర్రున మూడు గళ్ళు గీసింది. మొదటి గడి దగ్గర మార్కరు ఆనించి, "చెప్పు వదినా," అంది.

గుమ్మంలో కప్పులు గలగలమన్నాయి.